రంగం నుంచి ఇంటికి సైకిలు మీద: ఔత్సాహికులకు సూచనలు

ఈ యాత్రకు ముందుగా పబేడాన్‌లో ఒక గది తీసుకోవాలి. యాంగోన్, అంటే మన పాతవాళ్ళ రంగం, తెల్లదొరల రంగూన్, నడిబొడ్డున ఉన్న పేట ఇది. పైన తెల్లదొరల నాటి స్కాట్ మార్కెట్టు (ఇప్పుడు బోజో మార్కెట్టు), కింద నది, పక్కనే సూలే పగోడా. బర్మాలో మైలురాళ్ళ లెక్క ఆ పగోడా దగ్గరే మొదలవుతుంది కాబట్టి సైకిలును దాని ముందు నిలబెట్టి ఫొటో తీసుకుని, కింద ‘సున్నా మైలు’ అని రాయండి. మొత్తం యాత్రలో మీ మాట వినే మైలు ఇదొక్కటే.

ఫొటో అయ్యాక సైకిలు ఎక్కకండి. 2003 నుంచి యాంగోన్‌లో మోటారు సైకిళ్ళు నిషేధం. నడిబజారులో చాలా పెద్ద రోడ్ల మీదికి మామూలు సైకిళ్ళనూ రానివ్వరు. రెండున్నర లక్షలు పోసి కొన్న గ్రావెల్ బైకుకు చక్రాలు ఊడదీసి, దుప్పటి చుట్టి, టాక్సీ డిక్కీలో పడుకోబెట్టి ఊరు దాటించండి. ఇంటికి ఫోను చేసినప్పుడు ‘మొదటి దశ పూర్తయింది’ అని చెప్పండి చాలు, వివరాల్లోకి వెళ్ళకండి.

ఊరు దాటాక రోడ్డుకు కుడిపక్కన ఉండాలి. 1970 డిసెంబర్ 6న ప్రభుత్వం బళ్ళన్నిటినీ ఒక్క రోజులో ఎడమ నుంచి కుడికి మార్చేసింది. కానీ జపాను నుంచి దిగిన పాత కార్లలో స్టీరింగు కూడా కుడివైపే ఉంటుంది. ముందున్న లారీని దాటాలనుకునే డ్రైవరుకు ఎదురుగా ఏం వస్తోందో కనబడాలంటే, కారు సగం అవతలి వరుసలోకి రావాలి. ఆ ఎదురుగా వచ్చేది మీరే. హెల్మెట్టు కొట్టొచ్చినట్టు కనబడే రంగుది కొనండి.

ఎన్ని గేర్లుండాలన్న చర్చ మొదలెట్టే ముందు, ఏదైనా సందు మొదట్లో నిలబడి ఒక సైకాను చూడండి. మామూలు సైకిలుకే పక్కన మూడో చక్రం తగిలించి, దాని మీద రెండు చిన్న సీట్లు బిగిస్తారు. వీపులు ఆనించుకుని కూర్చున్న ఇద్దరిలో ఒకరికి పోయే దారి కనిపిస్తుంది, ఇంకొకరికి వచ్చిన దారి. గేరు ఒక్కటే. తొక్కేవాడు లుంగీ ఎగగట్టి, హవాయి చెప్పులతో, ఆ ఇద్దరినీ ఒక బియ్యం బస్తానూ లాక్కుపోతుంటాడు. ఎక్కుడొస్తే దిగి తోస్తాడు. మీ పన్నెండు గేర్ల మీద అతని అభిప్రాయం అడక్కండి. ఈ ఊళ్ళో ఒకప్పుడు రిక్షాలు లాగిన మనవాళ్ళ అభిప్రాయం కూడా ఎవరూ అడగలేదు.

ఇక దారి. బైక్‌ప్యాకింగు చేసేవాళ్ళు ముందెవరో తొక్కి వచ్చిన దారిని ఫైలుగా దింపుకుని జీపీఎస్‌లో ఎక్కించుకుంటారు. మీరు వెళ్ళాల్సిన దారికి ఫైలు లేదు గాని, ముందు వెళ్ళినవాళ్ళకు కొదవ లేదు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సుతో ఓడ డెక్కు మీద కూర్చుని వచ్చి, రంగం రేవులో బస్తాలు మోసి, రైసుమిల్లుల్లో దుమ్ము మింగి, రిక్షాలు లాగినవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళని కోరంగీలన్నారు. 1930 మే నెలలో రేవు పని కోసం తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మొదలైన తగువు ఊరంతా నెత్తురు పారించింది. మరుసటి ఏడు జనాభా లెక్కలు తీస్తే రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే తేలారు. 1941 డిసెంబర్ 23న జపాను బాంబులు పడ్డాయి. ఓడ టికెట్లు డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకు దొరికాయి. మిగతావాళ్ళకు కొండలు మిగిలాయి.

వాళ్ళు మీకు మూడు దారులు చూపించి వెళ్ళారు. ఒకటి, ప్రోమ్ దగ్గర ఇరావతి దాటి అరకాన్ కొండల మీదుగా టాంగప్ చేరడం. దీంట్లో తాగే నీళ్ళు తక్కువ, కలరా ఎక్కువ. రెండోది మాండలే, చింద్విన్ నది, తమూ మీదుగా మణిపూర్ చేర్చేది. మూడోది ఉత్తరాన హుకాంగ్ లోయ దాటి, పాంగ్‌సౌ కనుమ ఎక్కి అస్సాంలో లెడో దగ్గర దిగేది. 1942లో దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. దారిలోనే రాలిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ లెక్కకు 10 వేల మంది. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి కేటాయించారని ఆనాడే గోలపుట్టింది. కాబట్టి దారి ఎంచుకునే స్వేచ్ఛను మీరు నిండా అనుభవించండి. మ్యాపు మీద మూడు రంగుల్లో మూడు గీతలు గీసి, ఏది ‘సీనిక్’ అని స్నేహితుల ఓటు అడగండి.

ఎత్తు గురించి మాత్రం ఎవరికీ చెప్పకండి. ఎత్తయిన కొండల్లో యాత్ర అనగానే వినేవాళ్ళు లడఖ్ లెక్కలు ఊహించుకుంటారు. బర్మాలో అంత ఎత్తు లేకపోలేదు, ఉత్తర కొసన హకాకబో రాజీ 5,881 మీటర్లుంది. దాని మీదికి మనిషి మొదటిసారి ఎక్కిందే 1996లో, అదీ సైకిలు లేకుండా. అంతమందిని బలిగొన్న దారిలోని పాంగ్‌సౌ కనుమ ఎత్తు 1,136 మీటర్లు. అరకు రైలు ఎక్కే ఎత్తుకు ఓ వంద, నూటయాభై మీటర్లు కలిపితే సరి. చంపింది ఎత్తు కాదు. బురద, జ్వరం, జలగలు, తిండి లేకపోవడం. ఫోనులో పెట్టుకునే ఎలివేషన్ గ్రాఫులో ఇవి నాలుగూ కనబడవు, అందుకే ఆ గ్రాఫు అంత అందంగా ఉంటుంది.

సీజను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. 1942లో మొదట బయల్దేరినవాళ్ళు తెలియకుండానే ఈ సూచన పాటించారు. ఆలస్యం చేసి మే నెలలో హుకాంగ్ లోయలో దిగినవాళ్ళ మీద వానలు కమ్ముకున్నాయి. మీకు విమానం టికెట్టు తేదీ మార్చుకునే సౌకర్యం ఉంది, దానికో మూడు వేలు అదనంగా కట్టండి.

సామాను దగ్గర కొంచెం ఆగాలి. ఈ విద్యలో బరువు తగ్గించడమే భక్తి. టూత్‌బ్రష్షు పిడి కోసేస్తారు, టీషర్టు లేబుళ్ళు కత్తిరిస్తారు, నూరు గ్రాములు తగ్గించడానికి పదివేలు పోస్తారు. శ్రీకాకుళం వైపు నేనెరిగిన ఒక మామ్మ వాళ్ళమ్మ తమూ దారిన నడిచి వచ్చిన మనిషి. ఆ మామ్మ మనవడు టెంటు, స్టవ్వు, స్లీపింగు బ్యాగు, సాడిల్ బ్యాగు మంచమ్మీద పరిచి, వంటింటి కాటాలో ఒక్కోటీ తూచి చూపిస్తున్నాడు.

“ఇయన్నీ ఎంతయ్యిందిరా?” అందావిడ.

చెప్పాడు.

“డబ్బులెట్టి మరీ ఆ కొండలెక్కుతావేట్రా, బాబూ!”

“ఎక్స్‌పీరియన్స్ మామ్మా.”

“అదా! మా అమ్మకాడ బోలెడుండీది. ఎవలూ అడగనేదు.”

మనవడు కాటా లోపల పెట్టేశాడు. మీరు పెట్టకండి. బరువు తగ్గించే కళలో ఆ నడిచినవాళ్ళు ఎంత దూరం వెళ్ళారో తెలిస్తే టూత్‌బ్రష్షు కోయడానికి చెయ్యి రాదు. వాళ్ళు మొదట పెట్టెలు వదిలారు, తర్వాత గిన్నెలు, చివరికి నడవలేని మనుషుల్ని.

డబ్బు నగదుగా ఉంచుకోండి, కానీ ఎక్కువసేపు ఉంచుకోకండి. 1964 మేలో ఇక్కడ 50, 100 చాట్ నోట్లు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. దుకాణాలు జాతీయమైపోయి, తట్టాబుట్టా సర్దుకుంటున్న మనవాళ్ళకు అది సరిగ్గా అందివచ్చిన కానుక. 1985లో మళ్ళీ రద్దు చేసి 75 చాట్ నోటు తెచ్చారు. 1987లో 25, 35, 75 రద్దు చేసి, వాటి బదులు 45, 90 నోట్లు అచ్చేశారు. రెండూ తొమ్మిదితో తెగుతాయి, అప్పట్లో దేశాన్ని ఏలిన జనరల్ నే విన్‌కు తొమ్మిది కలిసొచ్చే అంకె అంటారు. పరాటా కొట్టులో చిల్లర లెక్కపెట్టడానికి ఆ రోజుల్లో ఎంత తెలివి కావలసి వచ్చిందో! మీ యాత్రా బడ్జెట్టులో ‘అనుకోని ఖర్చులు’ అనే వరుసను అన్నిటికన్నా పైన రాయండి.

తారు వదిలి మట్టిలోకి దిగితేనే అసలైన మజా అని సైకిలు షాపువాడు చెబుతాడు. ఇక్కడ ఆ మాట పట్టించుకోకండి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి సగైంగ్, చిన్ కొండలు యుద్ధభూమి అయ్యాయి. 2023లో మందుపాతరలకు చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మంది బర్మాలోనే: 1,003. ట్యూబ్‌లెస్ టైర్లు ముల్లుకు పనికొస్తాయి.

తారు మీద ఉన్నా ఇరావతి దాటాలిగా. 1934లో కట్టిన అవా వంతెనను 1942లో వెనక్కి పారిపోతూ బ్రిటిష్‌వాళ్ళే పేల్చేశారు. 1954కి బాగుచేశారు. 2025 మార్చి 28 భూకంపానికి మళ్ళీ కూలింది. పక్కనున్న కొత్త వంతెన మీంచి వెళ్ళి, పాతదాని ఫొటో తీసుకోండి. అవతల కలేవా నుంచి తమూ వైపు వెళ్ళే దారి మనవాళ్ళదే. భారత సరిహద్దు రహదారుల సంస్థ వేసిన 160 కిలోమీటర్ల మైత్రీ రహదారి 2001లో తెరిచారు. ఆ తర్వాత మోరే నుంచి థాయ్‌లాండ్ దాకా త్రైపాక్షిక రహదారి అన్నారు. ఇరవై ఏళ్ళు దాటినా అది పూర్తవుతూనే ఉంది. మీరు తొందరపడాల్సిన పని లేదు.

సరిహద్దు దగ్గర వీసా చూపించండి. 2018 ఆగస్టులో తమూ–మోరే దారిని వీసా ఉన్న ప్రయాణికులకు తెరిచారు. ఆ తర్వాత కరోనా, సైనిక పాలన, 2023 మే నుంచి మణిపూర్ మంటలు, 2024 ఫిబ్రవరిలో సరిహద్దు ప్రజల స్వేచ్ఛా రాకపోకలకు స్వస్తి అన్న ఢిల్లీ ప్రకటన. గేటు తెరిచి ఉందా అన్న ప్రశ్నకు ఎవరు ఏ జవాబిచ్చినా, ‘ఏ రోజు సంగతి?’ అని మళ్ళీ అడగండి.

ఒకవేళ గేటు దాటితే మోరేలో ఆగండి. 1960ల్లో బర్మా నుంచి ఓడల మీద మద్రాసు చేరి, అక్కడ ఇమడలేక, నేలదారిన మళ్ళీ బర్మాకే వెళ్ళబోయిన తమిళులు కొందరు ఈ గేటు దగ్గర ఆగిపోయి, ఇక్కడే గుడి కట్టుకుని ఉండిపోయారు. ఇడ్లీ దొరికే ఊరు. కొట్టు తెరిచి ఉందో లేదో ముందు ఫోను చేసి కనుక్కోండి. సాంబారు మరీ ఎక్కువ పోయించుకోకండి. టెంగ్నౌపాల్ దాకా ఎక్కుడే, ఇంఫాల్ ఇంకా 110 కిలోమీటర్లుంది.