కొత్త వేణువు, పాత పెదవి

కర్ణాటక సంగీత శిక్షణలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణాల దగ్గరికి చేరిన వేణు విద్యార్థిలో సాధారణంగా రెండు పరిణామాలు కనిపిస్తాయి: మొదటిది, తన వాదనంలో అపస్వరం ఉందని చెవికి తెలియడం; రెండవది, అందుకు కారణం వెదురేనని మనసుకు తోచడం. మొదటిది విద్య ముదిరిందనడానికి గుర్తు కాగా, రెండవది కొత్త వేణువు కొనుగోలుకు నాంది. ఈ సందర్భంలో ఇంటి పెద్దలు ఆడలేక మద్దెల ఓడన్న సామెతను తప్పక ఎత్తుతారు గాని, అది అన్నివేళలా న్యాయమైన తీర్పు కాదు. తిరునాళ్ళలో బుడగల పక్కన అమ్మే వేణువులు తరచు నిజంగానే ఓడు. అసలు చిక్కల్లా లోపం వెదురుదా, వాదకుడిదా అన్నది తేల్చడంలోనే ఉంది.

ఈ చిక్కుకు మూలం వాద్య నిర్మాణంలో ఉంది. నాదస్వరానికి పీక ఉంటుంది. ఊదితే కంపించి నాదాన్ని పుట్టించే పని దానిది. వేణువుకు అటువంటిదేమీ లేదు. వాదకుడి పెదవుల మధ్య నుంచి పలుచని ధారగా వెలువడిన గాలి, ముఖరంధ్రపు (ఊదే రంధ్రపు) అవతలి అంచుకు తగిలి లోపలికీ బయటికీ ఊగుతూ గొట్టంలోని గాలిని కంపింపజేస్తుంది. పెదవి ఆ రంధ్రాన్ని ఎంత మేర కప్పింది, ఏ కోణంలో ఊదింది అన్నదాన్ని బట్టి స్వరం పైకో కిందికో జరుగుతుంది. కాబట్టి వేణువు అనే వాద్యంలో సగం మాత్రమే అంగడిలో దొరుకుతుంది. తక్కిన సగం కొనేవాడి ముఖం మీదే ఉంటుంది, దాన్ని పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకొనే సౌకర్యం ఇంకా ఏర్పడలేదు.

అంగడిలో జరిగే పరీక్ష ఈ కారణంగానే తరచు ప్రహసనంగా మారుతుంది. అమ్మేవాడు ఊది చూపితే అన్ని వేణువులూ అమృతం కురిపిస్తాయి. సందేహ నివృత్తికి గురువును వెంటబెట్టుకొని పోతే ఫలితం మరింత అయోమయం. దశాబ్దాల సాధన గల పెదవి ఎక్కడ స్వరం జారితే అక్కడ ఆయనకు తెలియకుండానే సర్దుతుంది గనుక, వంకర వేణువు కూడా ఆయన చేతిలో బుద్ధిగా పలుకుతుంది. విద్యార్థి స్వయంగా ఊదితే మంచి వేణువు కూడా పలకదు. మేలైన వేణువును గుర్తించగలవాడికి దాని అవసరం తక్కువ, అవసరం ఎక్కువగా ఉన్నవాడికి గుర్తుపట్టే శక్తి తక్కువ అన్న ఈ వైపరీత్యం మీదే వేణు వ్యాపారం నిశ్చింతగా సాగుతోంది.

తరువాతి సమస్య శ్రుతి, అనగా ఆధార షడ్జపు స్థాయి. పాశ్చాత్యుల సి స్వరాన్ని 1 శ్రుతిగా, జి స్వరాన్ని 5 శ్రుతిగా లెక్కించే వాడుకలో, సంఖ్య తగ్గినకొద్దీ గొట్టం పొడవు, రంధ్రాల మధ్య ఎడం పెరుగుతాయి. హిందుస్తానీలో పన్నాలాల్ ఘోష్ (1911–1960) పెద్ద బాన్సురీని కచేరీ వేదికకు ఎక్కించగా, కర్ణాటక సంప్రదాయంలో ఎన్. రమణి పొడుగు వేణువుకు ప్రాచుర్యం తెచ్చారు. ఆ గంభీర నాదం విన్న విద్యార్థి తన వేళ్ల పొడవును సంప్రదించకుండానే పొడుగు వేణువు కొని, ఎనిమిది స్వరరంధ్రాల్లో కొన్నింటిని ఇంటికి వచ్చాక దూరం నుంచి మాత్రమే దర్శించుకుంటాడు. క్యాలెండర్ చిత్రాల్లో కృష్ణుడు పట్టుకున్న వేణువు ఏ శ్రుతిదో ఏ చిత్రకారుడూ సూచించలేదు గనుక, ఈ విషయంలో పౌరాణిక ప్రమాణం కూడా లభించదు. కూచిపూడి ప్రదర్శనలకు సహకార వాద్యం వాయించేవారు గాయకుల శ్రుతికి తగ్గట్టు రకరకాల వేణువులను సంచిలో మోయక తప్పదు. ఒక్క వర్ణం కూడా స్థిరపడని విద్యార్థి అదే సంచిని మోయడం మాత్రం భుజానికి వ్యాయామం.

శ్రుతి చూసి కొన్నా, వాతావరణం దాన్ని అంగీకరించాలి. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరిగి స్వరం పైకి పోతుంది. ఈ పెరుగుదల ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 3 సెంట్లు, సెంటు అంటే ఇక్కడ ఇంటి స్థలపు కొలత కాక అర్ధస్వరంలో నూరో వంతు. మే నెల విజయవాడ ఎండలో సరిగ్గా తూగిన వేణువు, అంతకంటే 10 డిగ్రీలు చల్లగా ఉన్న ఏసీ హాలులో సుమారు 30 సెంట్లు దిగుతుంది. వయొలిన్ వాదకుడు బిరడాలు తిప్పి సర్దుకుంటాడు. ఏకఖండపు వెదురుకు తిప్పడానికి ఏమీ లేదు గనుక వేణు కచేరీలో తక్కినవారే దాని శ్రుతికి దిగిరావాలి. వేణు వాదకుడికి దక్కే అరుదైన అధికారాల్లో ఇది ఒకటి.

పదార్థం గురించిన భ్రమలు పాశ్చాత్య దేశాల్లో మరింత ఖరీదైనవి. అక్కడి విద్యార్థి నికెల్ సిల్వర్ (పేరులో తప్ప వెండి లేని రాగి, నికెల్, జింక్ మిశ్రమం) నుంచి అసలు వెండికి, వీలైతే బంగారానికి ఎదగాలని కోరుకుంటాడు. అంటే విద్యార్థి కంటే ముందు వాద్యానికి పదోన్నతి లభిస్తుంది. 1971లో జాన్ కోల్ట్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, ఒకే కొలతలతో వెండి, రాగి, చెక్క గొట్టాలతో వేణువులు చేసి పరీక్షించగా, విన్నవారు గాని, ఏది ఏదో తెలియకుండా వాయించినవారు గాని తేడా పట్టలేకపోయారు. వెదురు వన్నెను, వయసును వర్ణించే అంగడి వచనానికీ ఇదే వర్తిస్తుంది. లోపలి గొట్టం కొలత, రంధ్రాల స్థానం, ముఖరంధ్రపు అంచు, పైకొనను మూసే బెండు మూత ఉన్న చోటు మాత్రమే విచారించదగినవి. ఆ మూత కాస్త జరిగినా మధ్య షడ్జానికీ తారస్థాయి షడ్జానికీ పొత్తు చెడుతుంది.

కాబట్టి ఎంపికకు మిగిలిన మార్గం ఒకటే: తంబురా శ్రుతి పెట్టి, విద్యార్థి వరుసగా నాలుగైదు వేణువులపై అవే స్వరాలు ఊదుతుండగా, గురువు వేణువును ముట్టుకోకుండా వెనుదిరిగి కూర్చుని వినాలి. ఒక్క వేణువులో మాత్రమే వినిపించిన దోషం ఆ వేణువుది; అన్నింటిలోనూ తప్పక వినిపించిన దోషం ఊదినవాడిది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఫలితంలో సందేహానికి చోటు లేదు. దీనికి ఆదరణ లేకపోవడానికి ఆ రెండూ చాలినన్ని కారణాలు.