నా తర్వాతి సంచిక రాలేదు

నేనొక కామిక్ పుస్తకాన్ని. ఒంట్లో 48 పేజీలు, నడుముకు రెండు స్టేపుల్ పిన్నులు, వెల 15 సెంట్లు. పేరు ‘ఆల్-నీగ్రో కామిక్స్’, సంచిక నెంబరు 1. నా తర్వాత రెండో నెంబరు రాలేదు. నా బాధంతా అదే.

1947 జూన్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాను. మీ ‘చందమామ’ మద్రాసులో పుట్టింది ఆ మరుసటి నెలే. ఇద్దరం ఒక ఈడువాళ్లం. ఆమె కొన్ని తరాల పిల్లలకు కథలు చెప్పింది. నా కథలు మొదలైన చోటే ఆగిపోయాయి.

నన్ను కన్నది ఓరిన్ ఎవాన్స్ అనే పాత్రికేయుడు. నల్లజాతివాడై ఉండి తెల్లవాళ్ల దినపత్రికలో ఉద్యోగం చేయడం ఆ రోజుల్లో మాటలు కాదు. ‘ఫిలడెల్ఫియా రికార్డ్’లో ఆయన ఆ పని చేశాడు. అమెరికా సైన్యంలో నల్లవాళ్లను వేరుగా ఉంచి అవమానిస్తున్న తీరు గురించి, యుద్ధం జరుగుతుండగానే, 1944లో వరుసగా వ్యాసాలు రాశాడు. 1947లో ఆ పత్రిక మూతపడింది. ఉద్యోగం పోయిన మనిషి మరో కొలువు వెతుక్కుంటాడు. ఎవాన్స్ మాత్రం అదే పత్రికలో తనతో పనిచేసినవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని కూడగట్టుకుని కామిక్ పుస్తకం వేయడానికి దిగాడు.

ఎందుకు దిగాడో తెలియాలంటే అప్పటి కామిక్స్ ఎలా ఉండేవో చెప్పాలి. 1938లో సూపర్‌మ్యాన్ ఎగిరాడు. ఆ వెనకే బ్యాట్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా, ఇంకా లెక్కలేనంత మంది వీరులు వచ్చారు. వాళ్లలో నల్లవాడన్నవాడు లేడు. నల్లవాళ్లు బొమ్మల్లో కనిపించేవాళ్లు కానీ ఎలా? లావుపాటి పెదాలు, మిడిగుడ్లు, వచ్చీరాని ఇంగ్లీషు, దయ్యమంటే వణుకు. ‘స్పిరిట్’ అనే వీరుడి పక్కన ఎబనీ వైట్ అనే పిల్లాడిని అలాగే గీశారు. 1941లో వచ్చిన ‘యంగ్ ఎలైస్’ పిల్లల దండులో వైట్‌వాష్ జోన్స్ అనే కుర్రాణ్ణి నవ్వుకోవడానికే పెట్టారు. మాంత్రికుడు మాండ్రేక్ మీలో చాలామందికి తెలుసు. ఆయన పక్కనుండే లోథార్ ఆఫ్రికా రాజకుమారుడు, మహా బలశాలి. అయినా తొలినాళ్లలో చిరుతపులి తోలు కట్టుకుని, సగం సగం మాటలు మాట్లాడే సేవకుడిగానే కనిపించాడు. నల్లపిల్లవాడు పది సెంట్లు పెట్టి ఏ పుస్తకం కొన్నా, లోపల తన పోలికలున్నవాడు ఎవరో ఒకరికి సామాను మోస్తూనో, నవ్వులపాలవుతూనో ఉండేవాడు.

అందుకే ఎవాన్స్ నాలో రాసేవాళ్లు, గీసేవాళ్లు అందరూ నల్లజాతివాళ్లే ఉండాలని పట్టుబట్టాడు. లోపలి అట్ట మీద ఆ సంగతి గర్వంగా వేయించాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున మైదానంలోకి దిగి, పెద్ద బేస్‌బాల్ లీగుల్లో దశాబ్దాలుగా ఉన్న వర్ణ నిషేధాన్ని బద్దలు కొట్టాడు. నేను అచ్చయింది ఆ గాలి వీస్తున్నప్పుడే. చౌక న్యూస్‌ప్రింట్ మీద నాలుగు రంగులు చుక్కలు చుక్కలుగా అద్దారు, మడిచారు, పిన్నులు కొట్టారు. నా తయారీ గురించి అంతకన్నా చెప్పుకోదగ్గది లేదు. నాలో ఉన్నవాళ్ల గురించే చెప్పాలి.

మొదట ఏస్ హార్లెమ్. జాన్ టెరెల్ బొమ్మలు గీసిన డిటెక్టివ్. ఆ జూలైలో ‘టైమ్’ పత్రిక నా గురించి రాస్తూ ఇతన్నే ముందు పెట్టింది. పసిపిల్లల కోసం డ్యూ డిల్లీస్ అనే బుల్లి బుల్లి జీవులు, ఊళ్లు తిరిగే సంగీతగాడు షుగర్‌ఫుట్, ఇంకా ఒకటి రెండు చిన్న కథలు కూడా ఉన్నాయి. అందరూ నావాళ్లే. కానీ నా ప్రాణం లయన్ మ్యాన్.

అతని బొమ్మలు గీసింది ఎవాన్స్ సోదరుడు జార్జ్. లయన్ మ్యాన్ అమెరికాలో పుట్టి పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త. ఐక్యరాజ్యసమితి అతన్ని ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌కు పంపింది. అక్కడొక మాయకొండ, దాని కడుపు నిండా యురేనియం. దాన్ని దుర్మార్గుల చేతుల్లో పడకుండా కాచుకోవడం అతని పని. కాజేయాలని వచ్చినవాడు డాక్టర్ బ్లుట్ సాంగ్రో. లయన్ మ్యాన్ వెంట బుబ్బా అని ఒక అనాథ పిల్లాడు. వాడికి అల్లరెక్కువ, చేయొద్దన్న పనే చేస్తాడు.

పేజీ తిప్పేసే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఐక్యరాజ్యసమితి పుట్టిందీ ఆ 1945లోనే. గోల్డ్ కోస్ట్ ఇంకా బ్రిటిష్‌వాళ్ల కింద ఉంది. అది ఘనాగా స్వతంత్రమైంది 1957లో. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాడు బస్సులో ముందు సీట్లో కూర్చోకూడదు. అలాంటి రోజుల్లో ప్రపంచాన్నే బూడిద చేయగల ఖనిజాన్ని ఒక నల్లజాతి శాస్త్రవేత్త చేతిలో పెట్టి, కాపాడమని ప్రపంచ దేశాలు కోరినట్టు కథ రాశారు. లయన్ మ్యాన్‌కు ఎగిరే శక్తి లేదు, కళ్లలోంచి మంటలు రావు. అందుకని అతన్ని సూపర్ హీరోగా లెక్కవేయనివాళ్లు ఉన్నారు. బ్యాట్‌మ్యాన్‌కు మాత్రం ఏ శక్తి ఉందని? నన్నడిగితే, తన చదువునే ఆయుధం చేసుకుని, ఎవరి కిందా సేవకుడు కాకుండా నిలబడ్డ ఆ మనిషిని మించిన వీరుడు 1947లో లేడు.

రెండో సంచిక కోసం కథలు సిద్ధం చేసుకున్నారు. తీరా అచ్చు వేద్దామంటే ఎవాన్స్‌కు కాగితం దొరకలేదు. మొన్నటిదాకా అమ్మిన వర్తకులే న్యూస్‌ప్రింట్ అమ్మబోమన్నారు. కాగితం లేకపోతే కామిక్స్ కంపెనీ ఏం చేస్తుంది? ఎవాన్స్ మళ్లీ పత్రికల్లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కథ బాగోలేక ఆగితే ఊరుకునేదాన్ని. పాఠకులు వద్దనుకున్నా ఊరుకునేదాన్ని. లయన్ మ్యాన్‌ను సాంగ్రో ఓడించలేదు, కాగితం అమ్మనన్నవాళ్లు ఓడించారు.

అప్పటికి నేను ఒక పిల్లాడి చేతిలో ఉన్నాను. వాళ్ల వీధి సెలూన్‌లో బల్ల మీద కూర్చుని, తన వంతు వచ్చినా లేవకుండా నన్ను చదివేవాడు. లయన్ మ్యాన్ కథ దగ్గర పేజీల మూలలు వాడి బొటనవేలికి నలిగి మెత్తబడ్డాయి. నాలో ఇప్పటికీ ముందుగా చిరిగేది ఆ మూలలే. రెండో సంచిక ఉందా అని పత్రికల కొట్టతన్ని అడిగేవాడు. రాలేదంటే మళ్లీ వచ్చి అడిగేవాడు. చివరికి ఒక రోజు సరుకులు తెచ్చిన గోధుమరంగు కాగితపు సంచిని కత్తిరించి, పరిచి, పెన్సిల్‌తో గళ్లు గీసుకుని రెండో సంచిక తనే మొదలుపెట్టాడు. అందులో బుబ్బా పెద్దవాడయ్యాడు, కాళ్లకు బూట్లు కూడా ఉన్నాయి. మూడు గళ్ల దాకా వెళ్లాడు. నాలుగో గడి ఖాళీగా ఉండిపోయింది.

తర్వాత కామిక్స్‌కు చెడ్డ రోజులొచ్చాయి. 1948లో కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లల చేతే కామిక్స్ పోగేయించి మంటల్లో వేయించారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ పెట్టింది. మా ఇంట్లోనూ ఆ భయం పాకింది. వాళ్లమ్మ నన్ను చించలేదు, కాల్చలేదు. అట్టపెట్టెలో పడేసి నేలమాళిగలోకి దించింది. పిల్లాడు ఎదిగి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాడు.

చౌక కాగితానికి చావు బయటినుంచి రానక్కర్లేదు. కలప గుజ్జులో ఉండే లిగ్నిన్, ఆమ్లం నన్ను లోపల్నుంచే తింటూ వచ్చాయి. తెల్లటి అంచులు పసుపై, పసుపు కాస్తా గోధుమరంగైంది. వానాకాలం గోడ చెమ్మగిల్లినప్పుడు పిన్నులు తుప్పుపట్టి, మధ్య పేజీ మీద ఎర్రటి మరకలు దిగాయి. ఊడిపోతున్న అట్టకు ఎవరో మంచి మనసుతోనే టేపు అంటించారు. ఆ జిగురు కాగితంలోకి ఇంకి, ఏస్ హార్లెమ్ ముఖం మీద చారలా నిలిచిపోయింది. ఎలుకలకు నేను కనిపించకపోవడం ఒక్కటే నా అదృష్టం.

కొన్నాళ్లకు ఆ పెట్టెలోనే నా మీద ఇంకో కామిక్ వచ్చి పడింది. 1966 నాటి ‘ఫెంటాస్టిక్ ఫోర్’, 52వ సంచిక. ఆ ఇంటి తర్వాతి తరం పిల్లాడిది. దాని లోపల బ్లాక్ పాంథర్ ఉన్నాడు. ఆఫ్రికా రాజు, శాస్త్రం తెలిసినవాడు, తన దేశంలోని అపురూపమైన లోహానికి కావలివాడు. స్టాన్ లీ, జాక్ కిర్బీ నన్ను చూసి అతన్ని సృష్టించారని నేననను. అలా అనడానికి ఆధారమేమీ లేదు. కానీ 19 ఏళ్ల ముందే లయన్ మ్యాన్ అదే ఖండంలో, అలాంటి నిధికే కాపలా కాస్తూ నిలబడ్డాడని మాత్రం చెప్పి తీరాలి. 2018లో బ్లాక్ పాంథర్ సినిమా వచ్చినప్పుడు ప్రపంచమంతా పండగ చేసుకుంది. చేసుకోవలసిందే. ఆ పండగలో మావాడి పేరు పలికినవాళ్లు ఎంత తక్కువమందో!

ఒక రోజు ఆ ఇంటి వారసుడొకడు పెట్టె తెరిచాడు. పైనున్న పాంథర్‌ను రెండు చేతులతో పసిబిడ్డలా ఎత్తుకుని పాలిథీన్ కవర్లో పెట్టుకున్నాడు. నన్ను తిరగేసి చూసి, అట్ట మీద తెలిసిన ముఖమేదీ కనబడక మళ్లీ పెట్టెలోకి విసిరాడు. ఆ విసురుకే వెనక అట్ట మూల విరిగింది. ఇల్లు అమ్మినప్పుడు పాత పళ్లేలు, టేబుల్ ల్యాంపులతో పాటు నన్నూ అమ్మేశారు. కొన్న వ్యాపారి ‘ఏదైనా పావు డాలరు’ అని రాసిన డబ్బాలో పడేశాడు.

ఆ డబ్బాలో నా పక్కన ‘గ్రీన్ టర్టిల్’ ఉండేవాడు. 1944లో చు హింగ్ అనే చైనా మూలాల చిత్రకారుడు గీసిన వీరుడు. జపాన్ సేనలతో పోరాడుతూ చైనాను కాపాడతాడు. తన వీరుణ్ణి చైనావాడిగా చూపించడానికి ప్రచురణకర్తలు ఒప్పుకోలేదని, అందుకే చు హింగ్ కథంతా అతని ముఖం కనబడకుండా గీశాడని అంటారు. గళ్లు తిరగేస్తే నిజంగానే ఎక్కడ చూసినా వీపో, అడ్డొచ్చిన చెయ్యో, పైవస్త్రం నీడో. ఆ టర్టిల్‌కు 2014లో జీన్ లుయెన్ యాంగ్, సానీ ల్యూ కలిసి ‘షాడో హీరో’ అనే పుస్తకంలో ముఖమూ పేరూ పుట్టుకా అన్నీ ఇచ్చారు. ఇలాంటివాళ్లను బలం తక్కువైన వీరులనీ, రెండో శ్రేణి పాత్రలనీ అనేస్తారు. అది తప్పు. వీళ్లలో చాలామందికి తక్కువైంది సంచికలే. సూపర్‌మ్యాన్‌ను ఎన్నో తరాల రచయితలు రాశారు, చిత్రకారులు గీశారు. కొత్త శత్రువులు, కొత్త స్నేహితులు, సినిమాలు అన్నీ అతనికి కలిసొచ్చాయి. లయన్ మ్యాన్‌కు దక్కింది ఒక్క సంచికలో ఒక్క కథ.

నన్ను ఆ డబ్బాలోంచి తీసింది ఒక పెద్దావిడ. ఆమె అట్ట చూడలేదు. నేరుగా లోపలి అట్ట తెరిచి, ఎవాన్స్ రాసిన మాటలు నిలబడే పూర్తిగా చదివింది. డబ్బు కట్టి, ఆమ్లం లేని కవర్లో నన్ను పెట్టుకుంది. అప్పటికే నాలాంటివి బహు అరుదని సేకరించేవాళ్లకు తెలుసు. కొన్నిటిని గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య బిగించి, మార్కులు వేసి అమ్ముతున్నారు. ఆ పలకల్లో ఉన్నవాటిని చూస్తే నాకు దిగులేస్తుంది. చిరగవు, మాయవు, సరే. కానీ ఎవరూ పేజీ తిప్పలేరు. ఆవిడ నన్నలా బిగించనివ్వలేదు. ఇంటికొచ్చిన పిల్లలకు చేతులు కడుక్కోమని చెప్పి చూపిస్తుంది.

ఎవాన్స్ 1971లో పోయాడు. 2014లో ఆయన పేరును కామిక్స్ రంగపు పెద్ద గౌరవమైన ఐస్నర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆయన చూడలేదు. నాకు 75 ఏళ్లు నిండిన సందర్భంగా పాఠకుల చందాలతో నన్ను మళ్లీ అచ్చు వేశారు. ఆ పుస్తకంలో పాత కథలతో పాటు, నా పాత్రలతో నేటి నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసిన కొత్త కథలు కూడా చేర్చారు. లయన్ మ్యాన్ మళ్లీ కదిలాడు.

నా కాపీరైట్‌ను ఎవరూ పొడిగించలేదు. అందువల్ల ఈరోజు నేను అందరి సొత్తును. నా పేజీలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎవరైనా చదువుకోవచ్చు, లయన్ మ్యాన్‌తో కొత్త కథ రాసుకోవచ్చు, గీసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఇంట్లో బొమ్మలు గీసే పిల్లలుంటే వాళ్లకు నన్ను చూపించండి. లయన్ మ్యాన్ తర్వాత ఏం చేశాడో వాళ్లను గీయమనండి.