ఆరు చక్రాల ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలము

ఆరు చక్రములకు నైదింట గాలి లే
దడుగు బిరడ లేదు దాని తోడ
నేల నీట గూడ నేర్పుగా పోవును
కొంచెమే రిపేరు కొనుడు దీని

అవతారిక

పాత ఉభయచర బండిని అమ్మజూపేవాడి మాటలివి. ఏ దేశంలో అమ్మినా ఇవే మాటలు కాబట్టి, వాటిని ఆటవెలదిలో బిగించే సాహసం వ్యాఖ్యాతే చేశాడు. నేల మీద దొర్లుతూ నీళ్లలో తేలే ఈ ఆరు చక్రాల జాతికి పుట్టిల్లు 1960ల నాటి కెనడా. ‘ఆర్గో’ అన్న పేరుతో 1967లో మొదలైన బండ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. మంచు, బురద, చిత్తడి అడవి వాటి అలవాటు నేలలు. నెల్లూరు తీరానికి అలాంటిది దారి తప్పి రావలసిందే. వచ్చిందే అనుకుందాం. మైపాడు దారిలో ఏ రొయ్యల గుంట గట్టు మీదో తాటాకుల కింద పడి ఉందనుకుందాం. ఇంతకుముందు స్పానరు పట్టి ఎరగనివాడు దాన్ని కొన్నాడనుకుందాం. వాడి కోసమే ఈ వ్యాఖ్య.

ముందుగా మల్లినాథసూరికి నమస్కారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత ఆయన. ఆ ప్రతిజ్ఞలో ఏ సగమూ ఇక్కడ నిలవదు. అయినా తలచుకోవడానికి కారణం ఉంది. ఆయనది ఉమ్మడి మెదక్ జిల్లా కొల్చారం. అదే జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలోనే మన సైన్యానికి ‘శరత్’ అనే బీఎంపీ-2 బండ్లు తయారయ్యాయి. దాదాపు 14 టన్నుల ఇనుము, తన పట్టాలు తానే తిప్పుకుంటూ నీళ్లలో ఈదుతుంది. వ్యాఖ్యానమూ ఉభయచరమూ ఒకే జిల్లా సొత్తు కావడం మనకు శుభశకునం.

ప్రతిపదార్థము

ఆరు చక్రములకున్ = ఉన్న ఆరు చక్రాలలో; ఐదింటన్ = ఐదు చక్రాలలో; గాలి లేదు = గాలి లేదు (ఇది నిజమో కాదో కింద చూడండి); అడుగు బిరడ = పొట్ట అడుగున నీళ్లు వదలడానికి ఉండే కంత మూత; లేదు = ఎక్కడో పోయింది; దాని తోడ = దానితో పాటు (మరికొన్ని కూడా పోయాయని ధ్వని); నేలన్ = ఇసుకలోను, బురదలోను; నీటన్ కూడ = కదలని నీటిలోను; నేర్పుగా = నడిపేవాడికి నేర్పుంటే; పోవును = పూర్వం పోయేది; కొంచెమే = దీనికి వివరణ కింద చూడండి; రిపేరు = మరమ్మతు; దీనిన్ = ఈ బండిని; కొనుడు = కొనండి.

విశేషాంశములు

‘ఐదింట గాలి లేదు’. ఇది దోషమా, గుణమా అని శంక. ఈ బండి చక్రాలు బుంగల మాదిరి ఉబ్బి ఉంటాయి. వాటి గాలి ఒత్తిడి రెండు నుంచి ఐదు పీఎస్ఐ లోపే ఉండాలి. కారుకు ముప్పై కొట్టే గేజీ పెట్టి చూస్తే బాగున్న చక్రం కూడా సున్నా దగ్గరే చూపిస్తుంది. కాబట్టి గాలి లేదన్న మాట అబద్ధం కావచ్చు, నిజమూ కావచ్చు. తక్కువ ఒత్తిడి కొలిచే గేజీ కొనేదాకా తేలదు. పంక్చరు షాపులో “ఏందన్నా ఇది, ట్రాక్టరా, పడవా?” అని అడుగుతూనే అబ్బాయి ముప్పై కొట్టేస్తాడు. అడ్డుపడాలి. టైరు పగలడం ఒక నష్టమైతే, గట్టిపడిన చక్రం మెత్తటి ఇసుకలో దిగబడిపోవడం ఇంకో నష్టం. ఆ ఉబ్బు ఊరికే పెట్టింది కాదు. బండి తేలడంలో దానికీ భాగముంది.

‘అడుగు బిరడ లేదు’. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. మొదటిసారి చేతులు మురికి చేసుకునేవాడు ఇంజను దగ్గర మొదలుపెడతాడు. తాడు లాగి, ప్లగ్గు విప్పి తుడిచి, కార్బురేటరులో చిక్కబడ్డ పాత పెట్రోలు కడిగి, ఒక్కసారి డబడబలాడితే పని అయిపోయిందని మురిసిపోతాడు. ఇంజను పనికి నెల్లూరు ఆటోనగర్‌లో మనుషులున్నారు. కష్టమంతా కింద ఉంది. ఆరు చక్రాలంటే పొట్టలోంచి బయటికి ఆరు ఇరుసులు, ఆరు ఇరుసులంటే నీటిమట్టానికి కింద ఆరు కంతలు. మామూలు పడవకు కంత పడితే ప్రమాదం, దీన్ని కంతలతోనే తయారుచేశారు. ఒక్కో కంతకు ఒక బేరింగు, దాన్ని కాపాడుతూ ఒక రబ్బరు ఆయిల్ సీలు. బండి తేలుతుందా మునుగుతుందా అన్నది ఆ రబ్బరు పెదవి ఒరుసుకునే చోట తేలిపోతుంది.

ఈ శాస్త్రంలో రొయ్యల గుంటల దగ్గర పనిచేసే మెకానిక్కులకు సాటి లేరు. ఉప్పునీళ్లలో రాత్రింబవళ్లు తిరిగే ఏరేటర్ల గేర్‌బాక్సులు వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. బిరడా విప్పి లోపలి ఆయిల్ వేలి మీద వేసుకుని చూస్తారు. నల్లగా, జిగటగా ఉంటే సరే. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే సీలు పోయింది, నీళ్లు దూరాయి అని అర్థం. తిక్కన సోమయాజి ఉభయకవిమిత్రుడై వెలసిన నెల్లూరులో ఉభయచరమిత్రులు కావలసి వస్తే ఈ గుంటల గట్ల మీదే వెతకాలి.

కంతలు కనిపెట్టడానికి బండిని సముద్రంలోకి దించనక్కరలేదు. దిమ్మెల మీదికెక్కించి, అడుగు కంతకు చెక్క మూత బిగించి, పొట్టలోనే బకెట్లతో నీళ్లు పోయాలి. బయట ఎక్కడెక్కడ చుక్క కారుతుందో అక్కడక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టాలి. ఈ పరీక్ష పాత బేరింగులు ఉండగానే చేసెయ్యాలి. కొత్తవి బిగించాక చేస్తే వాటికి మనమే నీళ్లు తాగించినవాళ్లమవుతాం.

పొట్ట పగిలి ఉంటే దేనితో చేశారో ముందు తెలుసుకోవాలి. పగులులో దారపు పోగులు కనబడితే ఫైబర్. జాలర్ల పట్టపుపాలెంలో పడవలకు మ్యాట్ పరిచి రెజిన్ పూసేవాళ్లే దీన్నీ అతకగలరు. పోగుల్లేకుండా ఇంటి మీది నీళ్ల ట్యాంకు జాతి ప్లాస్టిక్కయితే, అది పాలిథిలిన్. దానికి రెజిన్ అంటదు, ఎమ్‌సీల్ అంటదు. ఆరేదాకా అతికినట్టే ఉండి నీళ్లలోకి వెళ్లాక అట్టలా ఊడి వస్తుంది. అదే జాతి కడ్డీతో వేడిగాలి వెల్డింగు చెయ్యాలి.

‘దాని తోడ’. పాదం నింపడానికి వేసిన మాటని కొందరంటారు. కాదు, ఇందులో శ్లేష ఉంది. అడుగు బిరడా లేదు, నీళ్లొస్తే తోడడమే గతి అని రెండో అర్థం. తోడే పంపు పనిచేస్తుందో లేదో విక్రేత చెప్పలేదు గనుక పనిచేయదని గ్రహించాలి.

‘నేల నీట గూడ’. ఇక్కడ పూర్వపక్షి లేచి, మన తీరంలో ఈ రెండు పనులకూ రెండు బండ్లున్నాయి కదా అంటాడు. ఫైబర్ పడవ నీటికి, ట్రాక్టరు ఇసుకకు. వేట నుంచి వచ్చిన పడవకు తాడు కట్టి ట్రాక్టరు గట్టుకు లాగేస్తుంది. ఎవరి ధర్మం వారిది, మధ్యలో ఈ సంకరమెందుకు? సమాధానం: వాదం గట్టిదే. కానీ రోడ్డు దిగి సముద్రం వైపు నడిచి చూడండి. వరి మడి, రొయ్యల గుంట, ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసుకు ఉత్తరాన మొదలై, 1878లో గవర్నరు పేరు తగిలించుకున్న కాలువ అది. దాటితే ఇసుక దిబ్బ, సరుగుడు తోపు, మళ్లీ ఇసుక, అప్పుడు సముద్రం. నేలా నీరూ ఇంతగా పొరలు పొరలుగా ఉన్నచోట ఉభయచరం మీద మనసు పడడం మరీ పిచ్చితనం కాదు. గంగకు మకరం, యమునకు కూర్మం వాహనాలని శిల్పులు చెక్కారు. ఆ వాహనాలకు సీళ్లు మార్చినట్టు మాత్రం ఏ పురాణమూ చెప్పలేదు.

ఈ పిచ్చికి పరాకాష్ఠ బెన్ కార్లిన్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు. యుద్ధకాలంలో ఇండియన్ ఆర్మీలో పనిచేశాడు. 1946లో, ఖరగ్‌పూర్ దగ్గరి కలైకుండలో ఒక నీటి జీపును చూడగానే దీంట్లో ప్రపంచం చుట్టొచ్చనిపించింది ఆయనకు. అమెరికాలో వేలంలో మిగులు జీపొకటి కొని, ముక్కు పొడిగించి, పైకప్పు వేసి, దానికి ‘హాఫ్-సేఫ్’ అని పేరు పెట్టాడు. చెమటకంపుకు వాడే మందు ప్రకటనలోంచి తెచ్చిన పేరది. వరసగా కొన్నిసార్లు వెనక్కి తిరిగొచ్చి, చివరికి 1950లో బయల్దేరి అట్లాంటిక్ దాటాడు. 1958లో మాంట్రియల్ చేరి భూప్రదక్షిణ ముగించాడు. కొనేవాళ్లందరూ ఈ కథే చెప్పుకుని కొంటారు. ఆయన ఇంజనీరన్న ముక్క మాత్రం వదిలేస్తారు.

‘నేర్పుగా పోవును’. దీనికి స్టీరింగు చక్రం ఉండకపోవచ్చు. రెండు మీటలుంటాయి. ఎడమ మీట లాగితే ఎడమవైపు మూడు చక్రాలూ ఆగుతాయి, కుడివైపువి తిరుగుతూనే ఉంటాయి, బండి ఈడ్చుకుంటూ ఎడమకు మళ్లుతుంది. ఒక్కో పక్క చక్రాలన్నీ గొలుసులతో కలిపి ఉంటాయి కాబట్టి ఒక గొలుసు సాగితే ఆ పక్కంతా సోమరి అవుతుంది. నీళ్లలో ప్రత్యేకంగా పంకా ఏదీ లేదు. టైరు మీది గాడులే నీటిని వెనక్కి తోస్తాయి. వేగం మనిషి నడక. గాలి ఎదురైతే అదీ లేదు. కాబట్టి ‘నీట’ అంటే గుంట, చెరువు అనే అర్థం చెప్పుకోవాలి. మైపాడు అలల్లోకని అర్థం చెప్పేవాడు వ్యాఖ్యాత కాడు, హంతకుడు. మొదటిసారి దించేటప్పుడు నడుంలోతు నీళ్లు, గట్టున చెట్టుకు కట్టిన మోకు, ఒంటి మీద లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇసుక తీరం జోలికి పోకూడదు. అసలు సిసలు ఉభయచరాలు అవి.

‘కొంచెమే రిపేరు’. అల్పాక్షరాల్లో అనల్పార్థం అంటే ఇదే. ఈ మాటలో ఆరు బేరింగులు, ఆరు సీళ్లు, గొలుసులు, పళ్లరిగిన స్ప్రాకెట్లు, ఉప్పుగాలికి పచ్చబడ్డ వైర్లు, బ్రేకు బద్దలు, ఒక లేతు పని, ఒక వెల్డింగు, రెండు వర్షాకాలాలు ఇమిడి ఉన్నాయి. విదేశీ బండికి స్పేర్లు ఎక్కడివని బెంగపడనక్కరలేదు. బేరింగులు అన్ని దేశాల్లోనూ ఒకే భాష మాట్లాడతాయి. అంచు మీద చెక్కిన అంకె తుడిచి చదవాలి. 6205 అని ఉంటే చివరి 05ను ఐదుతో హెచ్చవేస్తే లోపలి కంత 25 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 52, మందం 15. భూతసంఖ్యల్లో శకవత్సరం దాచే కవులకు ఇది నచ్చుతుంది. సీలుకు మూడు కొలతలు చాలు: ఇరుసు లావు, గూడు వెడల్పు, మందం. ఆ మూడూ కాగితం మీద రాసి ఇస్తే బేరింగుల కొట్టతను బండి ఏ దేశానిదని కూడా అడగడు. కొత్త సీలు బిగించేముందు ఇరుసు మీద గోరు పెట్టి గీయాలి. గోరు గాడిలో చిక్కుకుంటే పాత సీలు ఇరుసును కోసిందన్నమాట. అక్కడ ఎంత కొత్త రబ్బరైనా కారుతుంది.

‘కొనుడు’. ఈ బహువచనం గౌరవార్థకమని తోస్తుంది గానీ కాదు. ఒక్కడికి సాధ్యం కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి కొనండని కవి హృదయం.

తాత్పర్యము

ఓ కొనుగోలుదారులారా! ఆరింట ఐదు చక్రాలలో గాలి లేనిదీ, అడుగు మూత లేనిదీ, నేల మీదా నీటిలోనూ పూర్వం వెళ్లినదీ అయిన ఈ బండికి కావలసింది కొంచెం మరమ్మతే. కావున దీనిని కొనండి.

పాఠాంతరము

నాలుగో పాదాన్ని ఇంట్లోవాళ్లు ‘కొంచెమే రిపేరు మానుడు దీని’ అని చదువుతున్నారు. అర్థపుష్టి ఉంది, సందర్భశుద్ధి ఉంది. కానీ ‘కొం’కు ‘మా’తో యతి చెల్లదు. పైగా ‘మానుడు’ భగణం, అక్కడ సూర్యగణం ఉండాలి. ఛందస్సు ఒప్పుకోనందువల్ల మాత్రమే ఆ పాఠాన్ని స్వీకరించలేకపోయాము.