మూతి సన్నం, పొట్ట లావు

పాలమూరు వైపు కొత్తకోటకు వచ్చిన మొదటి రోజే నాకు దేవుడి గదిలో చోటు దొరికింది. ఇంటి పెద్దమ్మ నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "దీపానికి మంచిగుంటది, గాలికి ఆరిపోదు" అని తీర్మానించి, సగం దాకా నువ్వుల నూనె పోసి వత్తి వేసింది. తెల్లారి అమెరికా కొడుకు తానం చేసి దండం పెట్టుకోబోయి నన్ను చూశాడు. "అయ్యో అమ్మా, అది విస్కీ గ్లాసే!" అన్నాడు. ఆమె గబగబా లెంపలేసుకుంది. తర్వాత నన్ను సబ్బుతో మూడుసార్లు, చింతపండుతో ఒకసారి తోమారు. ఎంత తోమినా నువ్వుల నూనె వాసన రెండు రోజులు నన్ను వదల్లేదు.

ఆమె తప్పేమీ లేదు. నా ఆకారమే అట్లాంటిది. కింద పొట్ట లావు, పైన మూతి సన్నం. సోడా పోసి గటగటా తాగేవాళ్లకు నేను పనికిరాను. పొట్టలో పోసిన నాలుగు చుక్కల వాసన చెదిరిపోకుండా పైకి లేచి, సన్నటి మూతి దగ్గర పోగై, తాగేవాడి ముక్కుకు అందాలి. నన్ను చేసింది అందుకే. నా పుట్టిల్లు స్కాట్లండు. గ్లెన్‌కైర్న్ అనే గాజు కంపెనీని నడిపిన రేమండ్ డేవిడ్సన్ గీసిన బొమ్మ నాది. 2001లో మా వంశం బజారుకొచ్చింది. అప్పటిదాకా విస్కీకంటూ అందరూ ఒప్పుకున్న గ్లాసు లేదట. నన్నూ నా ముగ్గురు తమ్ముళ్లనూ ఈ ఇంటి కొడుకు కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ ఊళ్లో కొన్నాడు. సాక్సుల్లో చుట్టి, పెద్దమ్మకు తెచ్చిన బాదంపప్పు సంచుల నడుమ పెట్టి హైదరాబాదులో దించాడు. మనిషికి రెండు లీటర్ల దాకా మందు తెచ్చుకోవచ్చని విమానాశ్రయంలో లెక్క. భార్యాభర్తల వంతు కలిపి ముప్పావు లీటరు సీసాలు నాలుగు తెచ్చారు.

సంక్రాంతి తెల్లారి సాయంత్రం, మిద్దె మీద పంచాయితీ కూర్చుంది. కొడుకు ఒకడు. బెంగళూరులో ఉద్యోగం చేసే బావ ఒకడు. చిన్నాయన ఒకడు. మంచం మీద కాలు చాపుకొని పెద్దాయన. ఆయన కల్లు గీసే గౌడ. నలభై ఏండ్లు మోకు, ముస్తాదు కట్టుకొని తాళ్లు, ఈదులు ఎక్కినవాడు. ఒకనాడు చెట్టు మీది నుంచి జారి తుంటి విరిగింది. ఆనాటి నుంచి ఎక్కడం బందు. అదృష్టమో దురదృష్టమో, నేను ఆయన చేతిలో పడ్డాను.

"ఇది బర్బన్ నాయినా" అని కొడుకు మొదటి సీసా తీశాడు.

"బర్బన్ అంటే బిస్కెట్ గద?" అన్నాడు పెద్దాయన. చిన్నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. కొత్తకోటలో ఏ కిరాణా దుకాణంలో అడిగినా బర్బన్ అంటే రెండు పలకల నడుమ చాక్లెట్ క్రీమున్న బిస్కెట్టే ఇస్తారు. పెద్దాయన మాటలో తప్పు పట్టడానికి ఏముంది?

కొడుకు ఓపికగా చెప్పుకొచ్చాడు. బర్బన్ అమెరికా విస్కీ. అందులో పడే గింజల్లో నూటికి 51 పాళ్లకు తగ్గకుండా మక్కలే ఉండాలి. కాచిన మందును లోపల మంటతో మాడ్చిన కొత్త ఓకు పీపాలో నింపాలి. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. సీసాకెత్తేటప్పుడు నీళ్లు తప్ప రంగు గానీ రుచి గానీ కలపకూడదు. 1964లో అమెరికా పార్లమెంటు ఇది తమ దేశపు సొత్తని తీర్మానం కూడా చేసింది.

"మక్కలా?" పెద్దాయన నన్ను దీపం వెలుగుకు ఎత్తి చూశాడు. "గటక కాసుకునే మక్కలతోని ఇంత కథా?"

ఇక కొడుకు షరతులు పెట్టాడు. అందరికీ ఒకే కొలత, అర ఔన్సు. ఏ గ్లాసులో ఏది పోశాడో చెప్పడు. ముందు మెత్తనివి, పొగ వాసన ఉన్నది చివరికి. నడుమ నడుమ నీళ్లు తాగి, ఉప్పు లేని బొరుగులు నాలుగు నమలాలి. వాసన చూసేటప్పుడు నోరు కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకుంటే ఘాటు ముక్కుకు తగిలి మిగతా వాసనలన్నీ చచ్చిపోతాయి. చిన్నాయన ఇవేవీ వినలేదు. తన గ్లాసును ఒక్క గుక్కలో లేపేసి, "బాగుంది, ఇంకింత పొయ్" అన్నాడు.

పెద్దాయన మాత్రం నన్ను ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు కదలలేదు. నా మూతికి ఆయన ఊపిరి వెచ్చగా తగిలింది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకొని, కళ్లు మూసుకున్నాడు. "కాల్చిన మక్కకంకి. అడుగంటిన బెల్లం పాకం. వెనుక నుంచి పచ్చి కట్టె" అన్నాడు. రెండోది పోశారు. "ఇది మొదటిదాని తమ్ముడే. కానీ నాలికను కరుస్తున్నది, మిరియం కొరికినట్టు. మొదటిది కరువలే."

కొడుకు సీసాలు రెండూ ముందు పెట్టాడు. రెండూ బర్బన్లే. మొదటిది ఎర్ర లక్కలో మూతి ముంచిన మేకర్స్ మార్క్. 1958 నుంచి ఆ లక్క చుక్కలు కారే సీసాతోనే అమ్ముతున్నారు. ఆ రూపం కట్టింది యజమాని భార్య మార్జీ శామ్యూల్స్. అందులో మక్కల తర్వాత పడేది గోధుమ. రెండోదాంట్లో గోధుమకు బదులు రై అనే గింజ పడుతుంది. ఆ మిరియం కాటు దానిదే. నలభై ఏండ్లు చెట్టు దగ్గర సానపట్టిన ముక్కు కొడుకు పుస్తకాల్లో చదివిన తేడాను మొదటి చుక్కలోనే పట్టేసింది.

మూడోది రై విస్కీ. అందులో సగానికి పైగా రై గింజలే. "సోంపు, దాల్చిన" అన్నాడు. నాలుగోది స్కాట్లండు ఐలా దీవిది. నా పుట్టింటి సరుకు కాబట్టి నాకు కాస్త గర్వంగానే ఉండింది. అక్కడ మొలకెత్తిన బార్లీని పీట్ అనే బురద మట్టి పొగతో ఆరబెడతారు. పెద్దాయన ముక్కు దగ్గర పెట్టి వెంటనే దూరం జరిపాడు. "పొయ్యి మీద తడి కట్టె పెట్టి, పక్కనే దవాఖాన తెరిచినట్టున్నది!" నా గర్వం అక్కడితో సరి.

అప్పుడు బావ తన సంచిలోంచి ఒక సీసా తీశాడు. బెంగళూరులో కాచిన అమృత్. మన ఇంటి ముందు నుంచి పోయే 44వ నంబరు రోడ్డు నేరుగా పోయేది అక్కడికే. నీలకంఠ జగదాలే కంపెనీ దాన్ని 2004 ఆగస్టులో గ్లాస్గోలో బజారుకు తెచ్చింది. స్కాచ్ పుట్టిన దేశంలోనే, పేరు చెప్పకుండా జనం నాలుక మీద పెట్టి పరీక్షించాక గానీ దిగలేదు. పేరు తెలిస్తే ముక్కు అబద్ధం చెబుతుందని వాళ్లకు తెలుసు.

"ఒక సంగతి చెప్తా మామా" అన్నాడు బావ. "పీపాలో ఉన్న విస్కీ ఏటా కొంత ఆవిరై పోతది. స్కాట్లండు చల్లటి దేశం, నూటికి రెండు పాళ్లు పోతది. కెంటకీలో మూడు నుంచి ఐదు. బెంగళూరు వేడికి పది పైనే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు దేవతల వాటా."

పెద్దాయన తలూపాడు. "మాకు ఎల్లమ్మ వాటా, కాటమయ్య వాటా లేదా? కొత్త చెట్టు గీసినప్పుడు మొదటి కల్లు నేల మీద పోయకుండా ఎవడన్నా తాగిండా?"

ఆ మాటతో మిద్దె మీద కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను స్కాట్లండులో పుట్టాను, అమెరికాలో అమ్ముడుపోయాను. రెండు దేశాల్లో విన్న మాటలకు ఒక్క ముక్కలో తెలుగు దొరికింది.

నా అసలు చదువు మర్నాడు పొద్దున మొదలైంది. పెద్దాయన మంచు విడవకముందే లేచి, ఆటోలో పోయి, మూడు కల్లు లొట్లు తెచ్చాడు. కొట్టంలో నులక మంచం మీద వాటిని వరుసగా పెట్టి, నన్ను వాటి పక్కన నిలబెట్టాడు. అప్పుడు చూశాను లొట్టిని. మూతి సన్నం, పొట్ట లావు. నేను గాజు, అది మట్టి. నాకు పాతికేళ్లు కూడా నిండలేదు. దాని వయసెంతో దానికే తెలియదు.

"రాత్రి నువ్వు నాకు పరీక్ష పెడితివి. ఇప్పుడు నా వంతు" అన్నాడు కొడుకుతో. "మూడూ ఈతకల్లే. ఏది ఏందో చెప్పు."

కొడుకు నాలో ఒకటొకటిగా పోసుకున్నాడు. తెల్లటి నురగ నా మూతి దాకా పొంగింది. జీవితంలో మొదటిసారి నాలో ఏదో బతికి కదిలింది. విస్కీ కాచి, ఆవిరి పట్టి, చల్లార్చి, ఏండ్ల తరబడి పీపాలో పడుకోబెట్టిన సరుకు. కల్లు అట్లా కాదు. గీత పెట్టిన చోట నుంచి చుక్కచుక్కగా లొట్టిలోకి దిగుతుండగానే పులవడం మొదలవుతుంది. పొద్దటిది తియ్యన, పగటిది వగరు, మాపటిది పులుపు. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా తియ్యటి నీరాగా ఉంటుంది. పూయకపోతే గంటగంటకూ దాని వయసు మారుతుంది. బర్బన్‌కు ఏండ్లు పట్టిన ప్రయాణాన్ని కల్లు ఒక్క రోజులో చేసేస్తుంది.

కొడుకు మూడూ తాగి, "మూడూ ఒక్కటే నాయినా, కొంచెం పులుపు తేడా" అన్నాడు.

పెద్దాయన నన్ను అందుకున్నాడు. "ఇది చెరువు కట్ట కింది చెట్టుది. నీళ్లు తాగిన చెట్టు, ఎక్కువ పారుతది, చప్పగుంటది. ఇది చెల్కల చెట్టుది. తక్కువ పారుతది, చిక్కగుంటది. మూడోది అదే చెల్క చెట్టుదే, నిన్న మాపటి లొట్టి." కొడుకు కెంటకీలో చూసిన గోదాములు చెప్పాడు. ఏడంతస్తుల కొట్టంలో పైవరుస పీపాకు ఎండ ఎక్కువ, అది తొందరగా పండుతుంది. కిందివరుసది నిదానం. ఒకే రోజు, ఒకే కాపు, అయినా రెండింటి రుచి వేరు. "గంతే గద" అన్నాడు పెద్దాయన, ఇది తనకెప్పుడో తెలిసినట్టు.

కథ ఇక్కడితో అయిపోతే అందంగా ఉండేది. ఆ పూటే చిన్నాయన ఎక్కడి నుంచో ప్లాస్టిక్ సీసాలో కల్లు తెచ్చి, "ఇది కూడా చూడు అన్నా, భలే కిక్కు" అని నాలో పోశాడు. తెల్లగా ఉంది. నురగ ఉంది. తియ్యగా కూడా ఉంది. నాకు తేడా తెలియలేదు. పెద్దాయన ముక్కు దగ్గర పెట్టుకొని, రెండోసారి చూసి, తాగకుండా నన్ను గోడ పక్కన మట్టిలో కుమ్మరించాడు.

"దీంట్ల చెట్టు లేదు" అన్నాడు.

పాలమూరు నేల మీద ఈ మాట అర్థం కానివాళ్లు తక్కువ. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట నీళ్లు, తీపి, మత్తుమందు కలిపి కల్లని అమ్ముతారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలం లాంటివి. నిద్రకూ భయానికీ వాడే మందులు అవి. దానికి అలవాటు పడినవాడికి ఒక రోజు దొరక్కపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చచ్చిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లే.

కొడుకు అప్పుడు ఒక పాత సంగతి చెప్పాడు. విస్కీ కథ కూడా ఒకప్పుడు ఇంతే. నూట ముప్పై ఏండ్ల కింద అమెరికాలో ముడి సారాలో పొగాకు, రంగులు, ఏవేవో కలిపి పాత బర్బన్ అని అమ్మేవాళ్లు. దాన్ని ఆపడానికే 1897లో చట్టం తెచ్చారు. ఒకే బట్టీలో, ఒకే సీజనులో కాచాలి. సర్కారు తాళం వేసిన గోదాములో నాలుగేండ్లకు తగ్గకుండా ఉంచాలి. సరిగ్గా యాభై పాళ్ల ఘాటుతో సీసాకెత్తి, ఎవరు ఎక్కడ కాచారో సీసా మీద రాయాలి. రాత్రి పెద్దాయన నాలుకను కరిచిన రెండో సీసా మీద ఉన్నది ఆ చట్టం ముద్రే.

"మరి మా లొట్టి మీద ఎవడు రాస్తడు?" అని అడిగాడు పెద్దాయన. కొడుకు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ చెట్టుకు పేరు రాసేది ఆ పెద్దాయన ముక్కే. అలాంటి ముక్కులు ఊరికి ఒకటో రెండో మిగిలాయి.

వెళ్లే ముందు రోజు కొడుకు పిల్లలను సరళాసాగర్ చూపించడానికి తీసుకుపోయాడు. వనపర్తి రాజా తల్లి పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు తలుపులెత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు ఒక మట్టానికి రాగానే సైఫన్లు వాటంతట అవే పొంగి, ఎక్కువైన నీటిని బయటికి పంపుతాయి. పిల్లలు ఇంటికొచ్చి అది చెబుతుంటే పెద్దమ్మ చిన్నాయన వైపు చూసి, "మనిషికి గూడ ఒకటి పెట్టించొద్దా దేవుడు" అన్నది. చిన్నాయన ఆ రోజు భోజనం దగ్గర కిక్కురుమనలేదు.

ఇప్పుడు నా తమ్ముళ్లలో ఒకడు దేవుడి గదిలో దీపమై వెలుగుతున్నాడు. పెద్దమ్మ పట్టు అది. ఇద్దరు అద్దాల అలమరలో ఉన్నారు. నన్ను పెద్దాయన తన దగ్గరే ఉంచుకున్నాడు, కొట్టంలో లొట్టి పక్కన. విస్కీ సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. వాటిలో పెద్దమ్మ మనీప్లాంటు పెట్టింది.

తాగమని నేను ఎవరికీ చెప్పను. తాగని ఇల్లే మంచి ఇల్లు. తాగేవాడివైతే మాత్రం నాదొక్క మాట విను. వాసన చూడకుండా ఏదీ గొంతులో పోసుకోకు. అది ఏ గింజదో, ఏ చెట్టుదో, ఎవరు చేశారో అడుగు. అమ్మేవాడు చెప్పలేకపోతే, పెద్దాయన చేసినట్టు గోడ పక్కన కుమ్మరించు.