సార్థక భేదం లేదు

పిల్లలకు చదువు ఎంత వచ్చిందో ఎలా కొలవాలన్నది విద్యాశాస్త్రంలో ఇంకా తేలని సమస్య. ఆ కొలత నేర్చినవాళ్లకు ఎంత వచ్చిందో చెప్పడానికి మాత్రం పక్కా ఏర్పాటుంది: పీహెచ్‌డీ.

మూల్యాంకనంలో డాక్టరేట్ చేయాలని మీకు బుద్ధి పుట్టిందనుకోండి. టాపిక్ కోసం వెతుక్కోనక్కర్లేదు. ‘ఫలానా జిల్లా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు నిరంతర సమగ్ర మూల్యాంకనం పట్ల గల వైఖరి - ఒక అధ్యయనం’. తర్వాత శూన్య పరికల్పనలు. ఆడ టీచర్లకూ మగ టీచర్లకూ మధ్య సార్థక భేదం లేదు. పల్లెకూ పట్నానికీ లేదు. సర్కారుకూ ప్రైవేటుకూ లేదు. పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ లేదు. పెళ్లికీ పేపర్లు దిద్దడానికీ ఏం సంబంధమని అడక్కండి. ఆ గడి ఎప్పట్నుంచో ఉంది, తీసే ధైర్యం ఎవరికీ లేదు.

శాంపిల్ 384. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు పట్టిక వేసిపెట్టారు. పది లక్షలమంది టీచర్లున్నా 384 చాలు. కాకపోతే వాళ్లు యాదృచ్ఛికంగా ఎంచుకోమన్నారు. మన శాంపిల్ తెలిసిన ఎంఈఓ ఉన్న మండలంలో దొరుకుతుంది.

ఇక స్టాఫ్‌రూమ్. మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఒక సారు హాజరు ఫొటోలు యాప్‌లో ఎక్కిస్తున్నారు, సర్వర్ తిరుగుతూనే ఉంది. మీరు 60 ప్రశ్నల కాగితాల కట్ట బల్లమీద పెట్టారు. 1932లో లైకర్ట్ గారు చూపిన దారిలో ప్రశ్నకు ఐదేసి గడులు. తెలుగు మేడం ఒక్కరే కళ్లద్దాలు సర్దుకుని మొదటి ప్రశ్న చదివారు. “ఇందులో రెండు ప్రశ్నలున్నాయి కదండీ, దేనికి టిక్కు పెట్టను?” అన్నారు. మూల్యాంకనం గురించి ఆ పూట వినబడిన తెలివైన మాట అదొక్కటే. థీసిస్‌లో దానికి చోటు లేదు. డ్రిల్లు సారు నడిమి గడుల మీదుగా పైనుంచి కిందికి ఒకే గీత లాగారు. సోషల్ సారు మొదటి గడులకు అదే మర్యాద చేశారు. హెడ్మాస్టరు గారిది పెద్ద మనసు. “మిగిలినవి మావాళ్లే నింపేస్తారు లెండి. ఫలితం ఎలా రావాలో చెప్పండి, చాలు” అన్నారు.

ప్రశ్నావళి విశ్వసనీయతను కొలిచే 1951 నాటి క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే గట్టెక్కినట్టే. మీకు 0.9 పైనే వస్తుంది, ఆ గీతలు లాగినవాళ్లు చల్లగా ఉండాలి! విశ్వసనీయత అద్భుతమని గైడ్ సారు మెచ్చుకుంటారు. సప్రమాణత సంగతి నిపుణులు చూసుకుంటారు. నిపుణులంటే గైడ్ సారు స్నేహితులు.

2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం మించకపోతే శిక్ష లేదు. అందుకని పాత పరిశోధనల సమీక్ష ఉండే రెండో అధ్యాయాన్ని కర్తరిలోంచి కర్మణిలోకి, మళ్లీ కర్తరిలోకి తిప్పుతారు. థీసిస్‌కు ముందు వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను 2022లో ఎత్తేశారు. డబ్బు కట్టిన వారంలో అచ్చేసే పత్రికలవాళ్ల ఆప్యాయత మాత్రం తగ్గలేదు, మెయిళ్లు వస్తూనే ఉన్నాయి.

వైవాలో గండం ఏమీ ఉండదు. చివరి అధ్యాయంలో ‘తదుపరి పరిశోధనకు సూచనలు’ ఉన్నాయా అని చూస్తారు, అంతే. మొదటి సూచన అందరిదీ ఒకటే: ఇదే అధ్యయనం మరో జిల్లాలో చేయవచ్చు. 2016కు ముందు తెలంగాణలో జిల్లాలు 10, ఇప్పుడు 33. విద్యా పరిశోధనకు ఇంత మేలు ఏ విద్యాశాఖా చేయలేదు.