తోడిపోసే పని నాది

నా పేరు టెట్‌ఏ. పంపునంటే బోరుబావి మోటరు అనుకునేరు. మొయినాబాద్ దగ్గర ఓ కోళ్ల ఫారంలో, ఒక బ్రాయిలర్ కోడి పేగులో కాపురముండే ఈ-కోలై బాక్టీరియా లోపలి పొరలో ఉంటాను. నేనో ప్రొటీన్‌ని. సూదిదారంతో పొరను పన్నెండుసార్లు కుట్టినట్టుంటుంది నా ఒళ్లు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు అణువు లోపల అడుగుపెడితే పట్టుకుని బయటికి తోసేస్తాను. అయితే ఉత్తినే తోయలేను. బయట నుంచి ఒక ప్రోటాన్ లోపలికి జారితే, ఆ ఊపుతో మందు అణువు బయటపడుతుంది. ఆ ఊపు తగ్గిందా, నా పని బందే.

అన్నివేళలా పని ఉండదు కనుక అన్నివేళలా పుట్టను. నా జన్యువు మీద టెట్‌ఆర్ అనే కాపలాదారు బైఠాయించి ఉంటాడు. మందు వచ్చి తగిలితేనే లేస్తాడు. ఆ పొద్దున షెడ్డులో ఎవరో "కోళ్లు గురక పెడుతున్నయన్నా" అంటే, ఇంకొకాయన "నీళ్లల్ల పౌడర్ కలుపు" అన్నాడు. అదే నా జన్మముహూర్తం. డాక్టరుకు చూపించారా, ఏ రోగమో తేల్చారా అని అడగకండి.

నా వంశచరిత్రలో ఓ తెలుగువాడున్నాడు, శత్రుపక్షాన. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడే, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. మందు లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ తర్వాత అక్కడే థామస్ జ్యూక్స్ బృందం ఓ సంగతి గమనించింది: మందు తీయగా మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయి. మనుషుల ప్రాణాలు కాపాడాల్సిన మందు అలా దాణాలోకి దిగింది. నాకు అంతకంటే మంచి రోజులు లేవు.

1976లో స్టువర్ట్ లెవీ అనే అమెరికన్ డాక్టరు నా గుట్టు సగం లాగాడు. మందు కలిపిన దాణా తిన్న కోళ్ల పేగుల్లో వారం తిరక్కుండానే మందుకు లొంగని బాక్టీరియా నిండిపోయింది. కొన్ని నెలలకు ఫారం మనుషుల పేగుల్లోనూ కనిపించింది. మిగతా సగం 1980లో బయటపడింది: మందు లోపలికి రాకుండా ఆగిపోవడం లేదు, వచ్చాక ఎవరో బయటికి తోడిపోస్తున్నారని లెవీ ప్రయోగశాలే తేల్చింది. ఆ తోడిపోసేది నేనే.

అప్పట్నుంచి నా నోరు మూయించే ప్రయత్నాలే. టెట్రాసైక్లిన్‌కు తోక తగిలించి నా గొంతులో ఇరికించాలని లెవీ, మార్క్ నెల్సన్‌లు చూశారు. అది ఆస్పత్రిదాకా రాలేదు. 2006లో జమ్మూ పరిశోధకులు మిరియాల్లోని పైపరీన్‌ను సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి ప్రయోగిస్తే, స్టాఫైలోకాకస్ అనే మరో బాక్టీరియాలోని నోర్‌ఏ అనే నా దూరపు బంధువు పని మందగించింది. చారు తాగితే సరిపోతుందనుకోకండి, అది ప్రయోగశాల ముచ్చట. మనిషి కణాల్లోనూ ఇలాంటి పంపులున్నాయి. నన్ను మూసే మందు వాటినీ మూస్తే రోగికే ముప్పు. పైగా నన్ను మూసే మందూ, యాంటీబయాటిక్కూ ఒకే చోటికి ఒకే సమయంలో చేరాలి. నన్ను నిజంగా ఓడించింది టైగెసైక్లిన్. 2005లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు నా గొంతు మూయదు, నా పట్టుకే చిక్కదు. మా ఇంటి పెద్ద, ఏసీఆర్‌ఏబీ-టోల్‌సీ అనే పంపు మాత్రం ఎక్కువ సంఖ్యలో ఉంటే దాన్నీ కొంత తోడిపోస్తాడు. పైత్యరసాన్ని గెంటడం ఆయన పాత కొలువు.

కోడి అమ్ముడుపోయింది. షెడ్డులో రెట్టలు కలిసిన లిట్టర్ ట్రాక్టరెక్కి చేవెళ్ల వైపు టమాటా మడికి వెళ్లింది. గండిపేట జలాశయం చుట్టూ పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111 జీవో వచ్చింది గానీ, ట్రాక్టరులో జన్యువు ప్రయాణిస్తే ఏ జీవో ఆపుతుంది? నా జన్యువుండేది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద. బాక్టీరియా ఒకదాని నుంచి మరోదానికి దాన్ని అందించుకుంటాయి. అదే ప్లాస్మిడ్ మీద నా పక్కన ఆంపిసిలిన్‌ను తుంచే ఎంజైమూ, సల్ఫా మందులను లెక్కచేయని ఇంకొకటీ కాపురముంటున్నాయి. రేపు నన్ను మూసే మందు వచ్చినా సరే, ఎవరో ఆంపిసిలిన్ వాడారంటే చాలు, ఆ ఎంజైముతో పాటు నా జన్యువూ నిలిచిపోతుంది.