బాటసారి బండి పద్యం: టీకా తాత్పర్య సహితం

చక్ర మొకటె నేల చరణంబు మోపాలి
చుక్క నీరు కింద సోకరాదు
నీడ దాటి చోటు నీది కాదెప్పుడు
బండి యిల్లు గాదు బాటసారి

అవతారిక

ఈ ఆటవెలదికి మాతృక ఏ పురాణంలోనూ దొరకదు. ఇటలీ రోడ్డు చట్టంలో దొరుకుతుంది. 1992 నాటి ఆ చట్టంలో 185వ నిబంధన క్యాంపర్ బండ్ల గురించి. రోడ్డు పక్కన ఆపిన బండి ఊరికే ఆగినట్టా, మకాం వేసినట్టా అన్న సందేహం అక్కడి పెద్దలకు వచ్చింది. వాళ్లు మూడు లక్షణాలు చెప్పారు. బండి చక్రాల మీద తప్ప మరిదేని మీదా ఆనకూడదు. ఇంజనుది తప్ప ఇంకే ద్రవమూ అందులోంచి బయటికి రాకూడదు. తన ఒళ్లు పట్టే చోటును మించి రోడ్డును ఆక్రమించకూడదు. ఆపడానికి అనుమతి ఉన్న చోట ఈ మూడూ పాటిస్తే అది మకాం కిందికి రాదు. వచనంలో హాయిగా ఉన్న శాస్త్రాన్ని గణాల్లో బిగించినవాడు ఈ టీకాకారుడే. నాలుగో పాదం మాత్రం చట్టంలో లేదు, అనుభవజ్ఞుల నోట ఉంది.

బాటసారి ఎవరంటే, మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కించుకుని, ఆల్ప్స్ దాటి ఇటలీ మీదుగా దక్షిణ ఫ్రాన్స్ దాకా వెళ్లొద్దామని బయల్దేరిన తెలుగువాడని ఊహించుకోవాలి. బండి ఫియట్ డుకాటో మీద కట్టింది. ఆరున్నర మీటర్ల పొడవు, మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి సహితం.

ప్రతిపదార్థం, మొదటి పాదం

చక్రము ఒకటె = చక్రాలు మాత్రమే. ఏకవచనం చూసి ఒంటి చక్రం మీద నిలబెట్టమన్నారని కంగారుపడకూడదు. జాతికి చెప్పిన ఏకవచనం అది, నాలుగింటికీ వర్తిస్తుంది. నేల చరణంబు మోపాలి = నేల మీద కాలు పెట్టాలి. బండి ఊగకుండా వెనక మూలల్లో కిందికి దించే ఇనుప కాళ్లు కొన్నిటికి ఉంటాయి. వీధిలో అవి దించితే చక్రం కాని చరణం మోపినట్టే.

శంక: రాత్రికి పడుకుని పొద్దున్నే పోయేవాడికి కాళ్లు దించాల్సిన అవసరమేమిటి?

సమాధానం: పెరుగు పులిసిపోకుండా ఉండాలంటే బండి మట్టంగా నిలవాలి. గ్యాస్‌తో కూడా నడిచే రకం ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. మంట వేడికి అమ్మోనియా ఆవిరై పైకి పోయి, అక్కడ ద్రవమై, గొట్టాల్లో తన బరువుకు తానే కిందికి జారుతూ లోపలి వేడిని లాగేస్తుంది. బండి బాగా ఓరగా నిలిస్తే ఆ జారుడు ఆగిపోతుంది. మంట మండుతూనే ఉంటుంది, ఫ్రిజ్ మాత్రం చల్లబడదు. అందుకే చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ మెట్లు బండితో పాటు ఇస్తారు. క్యాంపు స్థలంలో వాటిని నిర్భయంగా వాడుకోవచ్చు. వీధిలో అవి వేస్తే పద్యభంగమా కాదా అన్న వాదంలోకి దిగేకంటే వాలు లేని చోటు వెతుక్కోవడం మేలు. కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌కు ఈ బాధ లేదు గానీ అది బ్యాటరీని తాగుతుంది.

రెండో పాదం

చుక్క నీరు = చుక్కైనా సరే. కింద సోకరాదు = నేలను తాకకూడదు. ఈ పాదం మీద వ్యాఖ్య కాస్త పొడుగవుతుంది, ఎందుకంటే ప్రయాణంలో అసలు చదువంతా ఇక్కడే ఉంది.

బండిలో నీళ్లు మూడు విధాలు. తాగే నీళ్లు సుమారు వంద లీటర్ల ట్యాంకులో ఉంటాయి. గిన్నెలు కడిగినవీ స్నానం చేసినవీ బండి కింద మరో ట్యాంకులో చేరతాయి. మూడోది చెప్పకూడనిది. అది మరుగుదొడ్డి కింద, బయటినుంచి లాగగలిగే ఓ పెట్టెలో ఉంటుంది. దాని పేరు క్యాసెట్. అందులో పట్టేది పదిహేడు నుంచి ఇరవై లీటర్లు. ఐరోపా దంపతులకు రెండు మూడు రోజులు వస్తుందని పుస్తకాల్లో రాస్తారు. ఆ లెక్క కాగితం వాడేవాళ్లది. చెంబు వాడే ముగ్గురికి ఒక్క రోజు దాటడం కష్టం. మనిషి వెళ్లిన ప్రతిసారీ ఒకటిన్నర లీటరు పడిందనుకుంటే పన్నెండు సార్లకు పెట్టె నిండుతుంది, ఇందులో కూడికలో తప్ప వాదానికి చోటు లేదు. కాబట్టి పెట్రోలు బంకు, మ్యూజియం, సూపర్‌మార్కెట్, ఎక్కడ కట్టిన మరుగుదొడ్డి కనిపిస్తే అక్కడ దిగడం బాటసారి కుటుంబానికి నియమం.

ఖాళీ చేసే విధానం. క్యాంపర్లు ఆగడానికి జర్మనీలో ‘ష్టెల్‌ప్లాట్జ్’, ఫ్రాన్స్‌లో ‘ఎర్’, ఇటలీలో ‘ఆరెయా సోస్తా’ అనే చోట్లు ఉంటాయి. చాలావాటిలో ఓ మూల క్యాసెట్ పారబోసే గుంట కడతారు. బండి పక్కనున్న చిన్న తలుపు తీసి, పెట్టెను బయటికి లాగి, సూట్‌కేసులా చక్రాల మీద నడిపించుకుంటూ వెళ్లాలి. మూతి గొట్టాన్ని బయటికి తిప్పి, మూత తీసి, గుంట మీదికి వంచాలి. వంచేటప్పుడు బొటనవేలితో గాలి బటన్ నొక్కి పట్టుకోవాలి. నొక్కితే ధార నెమ్మదిగా పడుతుంది. మరిచిపోతే లోపలికి గాలి అందక గుటగుటమని ఎగిరి పడుతుంది, ఆ రోజు వేసుకున్న ప్యాంటు అంతే సంగతులు. ఆపైన నీళ్లు పోసి కుదిపి, ఇంకోసారి ఒంపి, అడుగున కాసిని నీళ్లూ నీలి మందూ పోసి బండిలోకి తోస్తే పని అయినట్టు.

ఈ గుంట పక్కనే తరచు రెండు కుళాయిలుంటాయి. ఒకదాని మీద ‘ట్రింక్‌వాసర్’ అనో ‘ఓ పోటాబ్ల్’ అనో ఉంటే అది తాగే నీరు. రెండోది క్యాసెట్ కడగడానికి. తాగే నీళ్ల గొట్టాన్ని రెండో కుళాయికి తగిలించడం మహాపచారం. అందరూ నియమం పాటిస్తారన్న నమ్మకం లేదు కాబట్టి తాగే కుళాయి మూతిని కూడా తుడిచి, కాసేపు నీళ్లు వదిలి, సొంత గొట్టంతోనే పట్టుకోవాలి. ఇవన్నీ వివరించబోయిన కొడుకుకు వాళ్లమ్మ ఒక్క మాటలో జవాబు చెప్పగలదు: “మడి గొట్టం వేరు, మైల గొట్టం వేరు, అంతేగా నాన్నా?” అంతే.

చాలాచోట్ల నీళ్ల యంత్రం నాణేలే మింగుతుంది. యూరో, రెండు యూరోల బిళ్లలు విడిగా ఓ డబ్బాలో ఉంచుకోవాలి.

మూడో పాదం

నీడ = బండి కింద పడే నీడ. మిట్టమధ్యాహ్నపు నీడ అని గ్రహించాలి. సాయంత్రపు పొడుగు నీడ చూపించి ఎక్కువ చోటు అడిగితే పోలీసు ఒప్పుకోడు. పక్క పందిరి విప్పినా, బయట కుర్చీలు వేసి టీ తాగినా నీడ దాటినట్టే.

చోటు అంటే పొడవు వెడల్పులే కాదు, ఎత్తు కూడా. ఈ రకం బండ్లు రెండున్నర మీటర్లు దాటి ఉంటాయి. ఫ్రాన్స్ సముద్రతీరాల్లో పార్కింగ్ ముందు రెండు మీటర్ల ఎత్తున అడ్డంగా ఇనుప కడ్డీ కట్టి ఉంటుంది. క్యాంపర్లను రానివ్వకపోవడమే దాని పని. ఫోన్‌లో దారి చూపే సాధారణ యాప్‌కు బండి ఎత్తు తెలియదు. అందుకే ఎత్తు అంకెను కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకుంటారు. ఫ్రాన్స్ టోల్ గేట్లలో కూడా ఎత్తే ప్రమాణం. రెండు మీటర్ల లోపు ఒకటో తరగతి, రెండు నుంచి మూడు దాకా రెండో తరగతి, మూడు దాటితే లేదా బరువు మూడున్నర టన్నులు మించితే మూడో తరగతి.

బరువు సంగతి వచ్చింది కనుక చెప్పాలి. మామూలు కారు లైసెన్సుతో నడపదగిన హద్దు 3,500 కిలోలు. ఈ తరహా బండి ఖాళీగానే మూడు టన్నులకు దగ్గరలో ఉంటుంది. కొన్ని కంపెనీలు చూపించే ‘ఖాళీ’ బరువులో నీళ్లు ఇరవై లీటర్లే లెక్కవేస్తాయి. ట్యాంకు నింపితే ఇంకో ఎనభై కిలోలు పెరిగాయి. ముగ్గురు ప్రయాణికులు రెండు వందలు. బియ్యం బస్తా, పచ్చళ్లు, గ్రైండర్, నాలుగు పెట్టెలు, రెండు సైకిళ్లు... అమ్మ సామాను తూకం వేద్దామన్న కొడుకు ధైర్యవంతుడే. ఆస్ట్రియాలో ఈ హద్దు లోపలుంటే అద్దం మీద స్టిక్కరో, దాని డిజిటల్ రూపమో చాలు. హద్దుకు పైన నమోదైన బండ్లకు కిలోమీటరు లెక్కన వసూలు చేసే వేరే పెట్టె బిగించాలి. స్విట్జర్లాండ్ వార్షిక స్టిక్కర్ 40 ఫ్రాంకులు. అక్కడ రోజువారీ టికెట్ లేదు, ఒక్క పూట సొరంగం దాటినా ఏడాది డబ్బు కట్టాల్సిందే.

నీది కాదు అన్న మాటకు ఇటలీ పాతపట్నాలు మంచి ఉదాహరణ. ఫ్లోరెన్స్, పీసా లాంటి ఊళ్ల నడిబొడ్డున బయటి బండ్లకు ప్రవేశం లేని ‘జడ్‌టీఎల్’ ప్రాంతాలున్నాయి. గేటు ఉండదు, కాపలావాడు ఉండడు, కెమెరా మాత్రం ఉంటుంది. బోర్డు మీద ‘వార్కో ఆత్తివో’ అని వెలిగితే దారి తెరిచారని సంతోషించకూడదు. కెమెరా మేలుకుని ఉందని దాని భావం. విదేశాల్లో నివసించేవాళ్లకు జరిమానా నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజులు గడువిచ్చింది. ప్రయాణం ఫొటోలు చూపించి చూపించి అందరికీ విసుగొచ్చిన తర్వాత ఆ ఉత్తరం వస్తుంది. బండి అద్దెదైతే, వివరాలు పోలీసులకు అందించినందుకు అద్దె సంస్థ తన రుసుము ముందే కార్డులోంచి తీసేసుకుని ఉంటుంది.

ఎప్పుడు = ఈ పదం పాదపూరణకు పడింది కాదు, కాలాన్ని సూచిస్తుంది. షెంగెన్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులే, వీసా మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అన్నే. వచ్చిన రోజూ వెళ్లిన రోజూ లెక్కలోకి వస్తాయి. ఇదివరకు దీర్ఘయాత్రికులు రుమేనియాలోనో బల్గేరియాలోనో కూర్చుని గడియారం ఆపుకునేవాళ్లు. 2025 జనవరి 1 నుంచి ఆ దేశాల భూసరిహద్దులు కూడా షెంగెన్‌లో కలిశాయి, ఆ కిటుకు పోయింది. క్రొయేషియా 2023లోనే కలిసింది. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతిలో పాస్‌పోర్టు మీది ముద్రకు బదులు వేలిముద్రలూ ముఖమూ కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. లెక్క తప్పిందని బుకాయించే వీలు దీంతో తగ్గింది.

పాఠభేదాలు

ఈ పద్యం అన్ని దేశాల ప్రతుల్లో ఒకేలా లేదు. జర్మనీ ప్రతిలో మూడో పాదం మెత్తగా ఉంటుంది. అలిసిన డ్రైవర్ మళ్లీ నడపగలిగేలా ఓ రాత్రి నిద్రపోవడం, పార్కింగ్ నిషేధం లేని చోట, తప్పు కాదని పరిపాటి. క్రొయేషియా ప్రతి కఠినం. క్యాంపు స్థలాల బయట మకాం వేస్తే జరిమానా. స్వీడన్, నార్వే ప్రతుల్లో ప్రకృతి అందరిదీ అనే గొప్ప హక్కు ఉందని విని చాలామంది బండిని అడవిలోకి తోలబోతారు. ఆ హక్కు కాలినడకన పోయి గుడారం వేసుకునేవాడిది. మోటారు బండి రోడ్డు దిగడానికి వీల్లేదు.

నాలుగో పాదం

బండి ఇల్లు కాదు = స్పష్టం. అయినా వంట దగ్గర అందరూ మరిచిపోయే మాట ఇదే. ఇటలీలోనూ ఫ్రాన్స్‌లోనూ పాత క్యాంపు స్థలాల్లో ఒక్కో బండికి ఇచ్చే కరెంటు ఆరు ఆంపియర్లే ఉండొచ్చు. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. రైస్ కుక్కర్ ఏడు వందల వాట్లు కాబట్టి అన్నం ఉడుకుతుంది. పక్కన రెండు వేల వాట్ల కెటిల్ పెడితే స్తంభం మీద ఫ్యూజు పడిపోతుంది. జర్మన్ క్యాంపుల్లో చాలావాటిలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా విశ్రాంతి వేళ. గేటు దించేస్తారు, ఆఫీసు మూసేస్తారు. ఆదివారమైతే సూపర్‌మార్కెట్లూ తెరవరు. కాబట్టి శనివారం సాయంత్రమే పాలూ కూరలూ తెచ్చుకోవాలి.

గ్యాస్ బండ విషయంలో ఐరోపా ఇంకా ఏకం కాలేదు. జర్మనీలో తీసుకున్న పదకొండు కిలోల బండను ఇటలీలో మార్చుకోరు, ఫ్రాన్స్‌లో రెగ్యులేటర్ మర కూడా వేరు. పైగా బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. శరత్తులో కొండల్లోకి పోయేవాడు బండ మీద ఏం రాసి ఉందో చూసుకోవాలి. ప్రెషర్ కుక్కర్ తీసుకెళితే గ్యాసూ మిగులుతుంది, అద్దాల మీద ఆవిరీ తగ్గుతుంది.

శంక: ఊరినుంచి ఏమేం తేవచ్చు?

సమాధానం: పప్పులు, కారప్పొడి, ఇంగువ, ఆవకాయ తేవచ్చు. యూరోపియన్ యూనియన్ బయటినుంచి వచ్చే ప్రయాణికులు మాంసమూ పాల పదార్థాలూ తేకూడదు, కాబట్టి గోంగూర మటన్ పచ్చడి విమానాశ్రయంలోనే ఆగిపోతుంది. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. నెయ్యి పాల పదార్థమే కదా అని శిష్యుడు దిగులుపడితే, ఉప్పు లేని వెన్న అక్కడ ఏ దుకాణంలోనైనా 250 గ్రాముల పొట్లాల్లో దొరుకుతుందని చెప్పాలి. బండిలోనే కాచుకోవచ్చు, సన్నమంట మీద, పైకప్పు కిటికీ తెరిచి. కాగిన నెయ్యి చల్లారి పేరుకునేదాకా బండి కదపకూడదు.